ఒలింపిక్స్ ఆతిథ్యానికి ముందు డోపింగ్ సంగతి

సంపాదకులు గారికి,

నమస్కారం. 2036 ఒలింపిక్స్ నిర్వహణకు ఆసక్తి తెలియజేస్తూ భారత ఒలింపిక్ సంఘం 2024 అక్టోబరులో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీకి లేఖ సమర్పించి, ఆపై వేదికగా అహ్మదాబాద్ పేరును ముందుకు తెచ్చిన నాటి నుంచి చర్చ అంతా స్టేడియాలు, రవాణా, హోటళ్ల చుట్టూనే తిరుగుతోంది. డోపింగ్ గురించి మాట్లాడేవారు తక్కువ. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ లెక్కల ప్రకారం 2023లో మన దేశంలో పరీక్షించిన 5,606 నమూనాలకు గాను 213 నమూనాలలో నిషిద్ధ ఉత్ప్రేరకాలున్నట్టు తేలింది. ఐదు వేలకు పైగా నమూనాలను పరీక్షించిన దేశాలలో ఇదే అత్యధిక నిష్పత్తి. పరీక్షలు పెంచినందువల్లే ఎక్కువ మంది దొరుకుతున్నారన్న సమాధానం వినిపిస్తుంది గానీ, మనకన్నా రెట్టింపుకు పైగా పరీక్షలు జరిపిన చైనా, జర్మనీలలో ఆ నిష్పత్తి ఒక్క శాతానికి కూడా చేరలేదు. ఉద్యోగం కోసం పతకం తప్పనిసరి అనుకునే జిల్లా స్థాయి క్రీడాకారుడికి శిక్షకుడే సూది అందిస్తే, ఆ పిల్లవాడిని మాత్రమే నిషేధించి శిక్షకుడిని వదిలేయడం ఏ న్యాయం?

ఇక ఖర్చు విషయం. 1976 ఒలింపిక్స్ అప్పును కెనడా నగరం మాంట్రియల్ 2006 వరకు తీర్చుకుంటూ వచ్చింది. పారిస్ 2024లో దాదాపు 95 శాతం పోటీలను పాత వేదికలలోనో, తాత్కాలిక వేదికలలోనో నిర్వహించింది. హైదరాబాద్‌లో 2002 జాతీయ క్రీడల కోసం గచ్చిబౌలిలో నిర్మించిన సదుపాయాల వంటివి దేశంలో ఇంకా ఉన్నాయి. కొత్త కట్టడాలకు టెండర్లు పిలిచే ముందు వాటి ప్రస్తుత స్థితిపై కేంద్ర క్రీడల మంత్రిత్వ శాఖ ఒక శ్వేతపత్రం ప్రకటించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, హన్మకొండ