పోయిన ఊళ్ల కోసం ఒక్క గది

సంపాదకులు గారికి నమస్కారం.

మా అబ్బాయి జర్మనీలో, కోట్‌బస్‌లో చదువుకుంటున్నాడు. మొన్న ఆదివారం పక్కనున్న ఫోర్స్ట్ పట్టణం నుంచి వీడియో కాల్ చేసి, "నాన్నా, మన ఊరిలాగే పోయిన ఊరు ఇక్కడా ఒకటుంది" అన్నాడు. దాని పేరు హోర్నో. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సుమారు 350 మంది ఉండే పల్లె అది. సోర్బులనే చిన్న స్లావ్ జాతివాళ్లు తరతరాలుగా బతికిన చోటు. వాళ్ల భాషలో రోగోవ్ అంటారు. ఊరి కింద లిగ్నైట్ బొగ్గు ఉంది. 1977లో తూర్పు జర్మనీ ప్రభుత్వం ఊరిని గనికి రాసేసింది. 1989లో బెర్లిన్ గోడ కూలాక గండం గడిచిందనుకున్నారు. గడవలేదు. సోర్బుల ప్రాంతాన్ని కాపాడతామని బ్రాండెన్‌బర్గ్ రాజ్యాంగంలో ఉన్నా, ఆ రాష్ట్రమే 1997లో హోర్నోను తీసేయడానికి చట్టం చేసింది. ఊరివాళ్లు యూరప్ మానవ హక్కుల కోర్టు దాకా వెళ్లారు. 2000లో అక్కడా ఓడిపోయారు. 2004లో చర్చిని పేల్చేశారు.

అయితే వాళ్లలో చాలామంది ఒకేచోట, ఫోర్స్ట్‌లో, కొత్త ఊరు కట్టుకున్నారు. కొత్త చర్చి పక్కనే గనుల కింద పోయిన ఊళ్ల కోసం ఒక మ్యూజియం ఉంది. నేలమీద పెద్ద మ్యాప్ పరిచారు. దానిమీద నడుస్తూ ఏ ఊరి దగ్గర ఆగితే ఆ ఊరి కథ తెలుసుకోవచ్చు. అలాంటివి 137 ఊళ్లు.

మా ఊరు విశాఖ ఉక్కు ఫ్యాక్టరీ కిందికి పోయినప్పుడు నాకు పదకొండేళ్లు. ఫ్యాక్టరీ రాకూడదని నేననను, మా వీధిలో సగం ఇళ్లు ఆ జీతాలతో లేచినవే. కానీ మావాళ్లు గాజువాక, పెదగంట్యాడ, అగనంపూడి అని తలో దిక్కయిపోయారు. అమ్మవారి గుడి ఎక్కడుండేదో, జీడితోటల్లో దారి ఎటు తిరిగేదో చెప్పగలిగినవాళ్లు ఇప్పుడు నలుగురైదుగురే మిగిలారు. వాళ్లంతా ఎనభై దాటినవాళ్లు.

విశాఖలో పోయిన ఊళ్లకు ఒక్క గది కేటాయించమని అధికారులను కోరుతున్నాను. ఊళ్ల పేర్లు, పాత మ్యాపు, ఈ పెద్దల మాటల రికార్డింగులు ఉంటే చాలు. రికార్డింగులు మాత్రం ఈ ఏడాదే మొదలుపెట్టాలి.

ఊరు వదిలిన రోజు నాన్న మా నూతి గిలక విప్పి సంచిలో వేసుకున్నారు. తాడు ఒరిసి ఒరిసి దానికి లోతుగా గాడి పడింది. ఇప్పుడది మా బాల్కనీలో ఉంది. ఆ గదికి ఇచ్చేస్తాను.

ఇట్లు,
ఒక నిర్వాసితుడు,
గాజువాక, విశాఖపట్నం.