ఒక ఫ్రీజరు, 186 మంది రక్తం: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఒక ప్రభుత్వ వైద్య కళాశాల బయోకెమిస్ట్రీ విభాగంలో 31 ఏళ్ళు ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి ఈ మధ్యే రిటైర్ అయ్యాను. ఉద్యోగంలో ఉండగా రాయాల్సినవన్నీ పద్ధతి ప్రకారం పై అధికారుల ద్వారానే రాశాను. మొత్తం నాలుగు ఉత్తరాలు. రెండింటికి జవాబు లేదు. మూడోదానికి "పరిశీలనలో ఉన్నది" అని ఒక్క లైను వచ్చింది. నాలుగోది ఏ సెక్షన్‌లో ఉందో చెప్పేవాళ్ళే దొరకలేదు. ఇప్పుడు నాకు పై అధికారి ఎవరూ లేరు కాబట్టి నేరుగా మీకే రాస్తున్నాను. నలుగురూ చదివేలా రాస్తున్నాను, తప్పుగా అనుకోకండి.

కోవిడ్ రోజుల్లో కాలేజీలకు ఇచ్చిన పరికరాల సంగతి మీకు తెలిసిందే. అలా వచ్చిన మైనస్ 80 డిగ్రీల డీప్ ఫ్రీజరు ఒకటి, కోవిడ్ పరీక్షలు తగ్గాక మా విభాగానికి చేరింది. నా మొర అంతా దాని గురించే.

2022 ఆగస్టులో మా ప్రొఫెసర్ మేడమ్ ఒక పని మొదలుపెట్టారు. 45 ఏళ్ళు నిండకముందే గుండెపోటు వచ్చినవాళ్ళనీ, వాళ్ళ అన్నదమ్ములనీ, అక్కచెల్లెళ్ళనీ పిలిచి, రక్తంలోని ప్లాస్మా, అంటే కణాలు పోగా మిగిలే ద్రవం, ఏ మేరకు ఆక్సీకరణకు లోనయిందో, అంటే ఆక్సిజన్ తగిలి పాడైందో కొలవాలన్నది ఆలోచన. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో మన దక్షిణాసియా వాళ్ళకు మొదటి గుండెపోటు వచ్చిన సగటు వయసు 53. మిగతా దేశాల వాళ్ళకు 58.8. దాదాపు ఆరేళ్ళ తేడా. ఆరేళ్ళంటే ఒక పిల్లవాడు ఇంటర్లో చేరి ఇంజినీరింగ్ ముగించే కాలం. ఇంటి యజమాని ఆ ఆరేళ్ళు ఉండడానికీ, లేకపోవడానికీ ఎంత తేడానో కార్డియాలజీ వార్డు బయట బెంచీ మీద కూర్చున్న భార్యలను చూస్తే తెలుస్తుంది.

మా వార్డుకొచ్చే కుర్రాళ్ళలో చాలామందికి చెడు కొలెస్ట్రాల్ భయపడేంత ఎక్కువేమీ ఉండదు. ట్రైగ్లిజరైడ్లనే ఇంకో రకం కొవ్వు ఎక్కువ, మంచి కొలెస్ట్రాల్ తక్కువ. ఇలాంటి ఒంట్లో చెడు కొలెస్ట్రాల్‌ను మోసే ఎల్‌డీఎల్ రేణువులు చిన్నవిగా, చిక్కగా ఉంటాయి. చిన్న రేణువులు తొందరగా ఆక్సీకరణ చెందుతాయి. మూత తీసి పెట్టిన నూనె నాలుగు రోజులకు వాసన మారుతుంది చూశారా, రేణువుల్లోని కొవ్వుకు జరిగేదీ ఇంచుమించు అదే. అలా పాడైన రేణువును రక్తనాళం గోడలోని కణాలు అదుపు లేకుండా మింగి, ఉబ్బి, నురగ నింపుకున్నట్టు తయారవుతాయి. పూడిక మొదలయ్యేది అక్కడే. అందుకే కొలెస్ట్రాల్ ఎంత ఉందన్నది ఒక్కటే చాలదు, అందులో పాడైంది ఎంతో కూడా చూడాలని మేడమ్ పట్టుబట్టారు.

ఈ పరీక్షను రేపే ప్రతి పీహెచ్‌సీలో పెట్టమని నేను అడగడం లేదు. ప్రమాదాన్ని లెక్కించడానికి డాక్టర్లు ఇవాళ్టికీ చూసేది వయసు, బీపీ, షుగరు, పొగ తాగడం, కొలెస్ట్రాల్. అదే సరైన పద్ధతి. కొత్త పరీక్ష వాటికి అదనంగా ఏమైనా చెబుతుందా లేదా అన్నది మన మనుషుల రక్తంలో చూస్తేనే తేలుతుంది. ఈలోగా ప్రైవేటు క్యాంపుల వాళ్ళు ఊళ్ళ మీదకొచ్చి "ఆక్సిడేటివ్ స్ట్రెస్" అని ఒక అంకె ముద్రించిన కాగితమిచ్చి, దాంతోపాటు ఆక్సీకరణను ఆపుతాయంటూ విటమిన్ ఈ లాంటి యాంటీ ఆక్సిడెంట్ బిళ్ళలూ అంటగడుతున్నారు. గుండె జబ్బు ముప్పు ఉన్నవాళ్ళకు ఏళ్ళ తరబడి విటమిన్ ఈ ఇచ్చి చూసిన హోప్ అనే అధ్యయనంలో గుండెపోట్లు తగ్గలేదని 2000లోనే తేలిపోయింది. సర్కారు ల్యాబు నిజం చెప్పే స్థితిలో లేకపోతే జనం ఎవరి మాట నమ్ముతారు సార్?

మేం 186 మంది దగ్గర రక్తం తీసుకున్నాం. పరగడుపున రావాలి కాబట్టి టీ చుక్క కూడా తాగకుండా ఫస్ట్ బస్సుకు వచ్చేవారు. ఊదా రంగు మూత గొట్టంలో రక్తం పట్టి, వెంటనే ఐసులో పెట్టి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే ఎర్ర కణాలు అడుక్కి దిగి పైన లేత పసుపు ప్లాస్మా తేలుతుంది. ఎర్ర కణాలు చితికి ప్లాస్మా కొంచెం గులాబీ రంగుకు తిరిగినా ఆ గొట్టం పనికిరాదు. మళ్ళీ చెయ్యి చాపమనేవాణ్ణి, పాపం, చాపేవారు. ఒక్కొక్కరి ప్లాస్మాను నాలుగు చిన్న గొట్టాల్లోకి పంచి, నంబరు రాసి, ఫ్రీజర్లో పెట్టేవాణ్ణి. మొత్తం 744 గొట్టాలు. సూది గుచ్చాక అందరికీ క్యాంటీన్ ఇడ్లీ పెట్టించింది మేడమ్, సొంత డబ్బుతో.

57 నంబరు ఒక చేపల ఆటో నడిపే కుర్రాడిది. 36 ఏళ్ళు. స్టెంటు వేసిన మూడో నెలలో వచ్చాడు. "మా చెల్లిది కూడా తియ్యండి మేష్టారూ, నాకు వచ్చింది దానికి రాకూడదు" అని తనే చెల్లెల్ని వెంటబెట్టుకొచ్చాడు. ఆ అమ్మాయిది 58.

2024 మే నెలలో ఒక శనివారం రాత్రి గాలివాన కొట్టింది. కరెంటు పోయింది. ఆసుపత్రి బ్లాకుకు జనరేటరు ఉంది, కాలేజీ బ్లాకుకు ఆ లైను లేదు. నా మొదటి రెండు ఉత్తరాల్లో రాసింది ఆ లైను కలపమనే. ఫ్రీజరు అలారం బ్యాటరీ అంతకు ముందే చచ్చిపోయింది. అది మార్చమన్నది మూడో ఉత్తరం. ఆదివారం మధ్యాహ్నం వాచ్‌మన్ ఫోన్ చేశాడు, "అన్నా, మీ రూము తలుపు కిందనుంచి నీళ్ళొస్తున్నాయి" అని.

వెళ్ళేసరికి కరెంటు వచ్చింది కానీ కంప్రెసరు మళ్ళీ ఎత్తుకోలేదు. బయట అంకె ప్లస్ 9 చూపిస్తోంది. తలుపు తీస్తే రెండేళ్ళుగా పేరుకున్న మంచు కరిగి, అట్టపెట్టెలు నాని, గొట్టాలు అడుగున నీళ్ళలో తేలుతున్నాయి. ఏం చెయ్యాలో తోచక ఆటో కట్టించుకుని రొయ్యల ప్లాంటుకు పోయి నాలుగు ఐసు దిమ్మెలు తెచ్చాను. సున్నా డిగ్రీల ఐసుతో మైనస్ 80 రాదని నాకు తెలుసు. డ్రై ఐసు మా ఊళ్ళో దొరకదనీ తెలుసు. అయినా చూస్తూ నిలబడలేకపోయాను. ఆ ప్లాంటులో రొయ్యల గదికి రెండు జనరేటర్లు ఉన్నాయి సార్. డిగ్రీ మారితే మేనేజరు ఫోన్ మోగుతుంది. రొయ్యకున్న ఆ పాటి భద్రత మనిషి రక్తానికి లేకపోయింది.

"మళ్ళీ గడ్డ కట్టించి వాడుకోవచ్చుగా" అన్నారు తర్వాత ఒక అధికారి. అయ్యా, అది అయ్యే పని కాదు. కరిగిన ప్లాస్మాలో కొవ్వు గొట్టంలోనే ఆక్సీకరణ చెందుతూ పోతుంది. మామూలు మైనస్ 20 ఫ్రీజర్లో పెట్టినా నెమ్మదిగా అది జరుగుతూనే ఉంటుంది, మైనస్ 80 కావాలని మొత్తుకున్నది అందుకే. అయినా ఆశ చావక, అంతకుముందు కొలిచి ఉన్న పది నంబర్ల గొట్టాలు తీసి థయోబార్బిట్యూరిక్ ఆమ్లం కలిపి 95 డిగ్రీల నీటిలో గంటసేపు ఉడికించాను. కొవ్వు ఎంత పాడైతే రంగు అంత ముదురు గులాబీగా వస్తుంది, దాన్ని స్పెక్ట్రోఫోటోమీటర్ అనే యంత్రంలో 532 నానోమీటర్ల కాంతి దగ్గర చదువుతాం. పదికి పదీ మునుపటికన్నా ముదురుగా వచ్చాయి. అందులో రోగి రక్తనాళం చెప్పేది ఎంతో, మా ఫ్రీజరు చెప్పేది ఎంతో ఇక బ్రహ్మదేవుడు కూడా విడదీయలేడు. మేడమ్ స్పెక్ట్రోఫోటోమీటర్ స్విచ్ ఆపేసి కాసేపు అలాగే కూర్చున్నారు. థీసిస్ ఈ గొట్టాల మీదే పెట్టుకున్న పీజీ అమ్మాయి వరండాలోకి వెళ్ళి ఏడ్చింది.

ఆ తర్వాత నడిచింది ఇంకో కథ. మరమ్మతుకు రమ్మంటే ఏఎంసీ, అంటే ఏటేటా చేసుకునే మరమ్మతు ఒప్పందం, అయిపోయిందన్నారు. కొత్త ఏఎంసీకి పెడితే ఫ్రీజరు మా విభాగం స్టాక్ రిజిస్టర్లో లేదన్నారు. ఎక్కించుకుంటామంటే, పాత రిజిస్టర్లోంచి తీసినట్టు కాగితం కావాలన్నారు. ఆ కాగితం మీద సంతకం పెట్టాల్సిన అధికారి బదిలీ అయ్యారు. ఆయన స్థానంలో వచ్చినవారు "నా హయాంలో జరిగింది కాదు" అన్నారు. తనిఖీకి వచ్చిన ఒక ఉన్నతాధికారి ఫ్రీజరు ముందు నిలబడి, నా భుజం మీద చెయ్యి వేసి, "నెలలో చేయిస్తాను" అని అందరి ముందూ అన్నారు. ఆ మాట నమ్మి నేను పెట్టెలు తుడిచి ఆరబెట్టాను, కొత్త గొట్టాలకు లేబుళ్ళు రాసి పెట్టాను. ఏడాది దాటింది. ఫ్రీజరు మీద ఇప్పుడు పాత ఆన్సర్ షీట్ల కట్టలు పెడుతున్నారు.

57 నంబరు కుర్రాడు మొన్న సంక్రాంతికి ముందు రెండోసారి పోటు వచ్చి పోయాడు. చెల్లెలు పదో రోజు దాటాక ల్యాబుకొచ్చింది. "మా అన్న రక్తం మీ దగ్గరుందిగా మేష్టారూ, అదేమైనా చెప్పిందా? నాకు కూడా వస్తుందా?" అని అడిగింది. మిగతావాళ్ళను బతిమాలి మళ్ళీ పిలిపించవచ్చేమో. ఆ కుర్రాడి రక్తం ఇక ఎవరు తెస్తారు? ఆ రోజు నేను ఆ అమ్మాయికి నిజం చెప్పలేకపోయాను. బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ చూయించుకోమని చెప్పి కార్డియాలజీ ఓపీకి తీసుకెళ్ళాను. ఆ దాపరికం నా గొంతులో ఇంకా అడ్డం పడే ఉంది.

సార్, నేను పెద్ద కోరికలు కోరడం లేదు. కాలేజీ బ్లాకుకు జనరేటరు లైను కలపండి. ఫ్రీజరు బాగుచేయించండి, కాకపోతే వేరేది ఇప్పించండి, దాన్ని ఏదో ఒక విభాగం పేరు మీద రిజిస్టర్లో ఎక్కించండి. అలారం మోగితే ఫలానా మనిషి ఫోన్ మోగాలని రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వండి. మిగిలిన 185 మందికి, ఆ కుర్రాడి ఇంటికి, "మీరిచ్చిన రక్తం మా వల్ల పాడైంది, క్షమించండి" అని ఒక ఉత్తరం పంపించండి. తెలుగులో, వాళ్ళకు అర్థమయ్యేలా. మిగతావి ఆలస్యమైనా ఇది మాత్రం ముందు చేయించండి. దణ్ణం పెట్టి అడుగుతున్నాను. రాసేవాళ్ళు లేకపోతే నేను వచ్చి కూర్చుని రాస్తాను, స్టాంపులు కూడా నేనే కొంటాను.

మేడమ్‌కు ఇంకా మూడేళ్ళ సర్వీసు ఉంది. లైను కలిస్తే మళ్ళీ మొదలుపెడతానంటున్నారు. రక్తం తియ్యడానికి నేను జీతం లేకుండా వస్తానని చెప్పాను. 58 నంబరు అమ్మాయి మళ్ళీ చెయ్యి చాపుతానంది. ఫ్రీజరు ఎప్పుడు వస్తుందని అడిగింది. మీ దగ్గరనుంచి తేదీ తెలిస్తే ఆమెకు చెప్పాలి.

ఇట్లు,
భవదీయుడు,
రిటైర్డ్ సీనియర్ ల్యాబ్ టెక్నీషియన్,
బయోకెమిస్ట్రీ విభాగం