వయోజనులకు పాసివ్ వాయిస్ పాఠం

సంపాదకులకు నమస్కారం.

పగలంతా ఉద్యోగం చేసి సాయంత్రం తరగతులకు వచ్చే పెద్దవారికి నేను ఇంగ్లిషు బోధిస్తున్నాను. వారికి పాసివ్ వాయిస్‌ను (కర్మణి ప్రయోగాన్ని) చాలాచోట్ల బడిపిల్లలకు చెప్పినట్లే చెబుతున్నారు. ‘రామా కిల్డ్ రావణా’ అని బోర్డు మీద రాసి, కర్మను ముందుకు తెచ్చి, కర్తకు ‘బై’ తగిలించి చివరకు పంపి, కాలాలవారీ పట్టికను కంఠస్థం చేయిస్తారు. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్షలలో ఇటువంటి ప్రశ్నలు వస్తాయి కనుక వాటికి సిద్ధమయ్యే యువతకు ఈ సాధన అవసరమే. ఆసుపత్రిలో రిపోర్టు రాయవలసిన నర్సుకు, బ్యాంకు సందేశం చదువుకోవలసిన దుకాణదారుకు మాత్రం దీనివల్ల ఒరిగేది తక్కువ.

అసలు ఆ వాక్యం ఎందుకు కావలసి వచ్చిందో ఈ పద్ధతి చెప్పదు. చేసినవారెవరో తెలియనప్పుడు, తెలిసినా చెప్పనక్కరలేనప్పుడు పాసివ్ ఎక్కువగా పనికివస్తుంది. అందుకే వాడుకలోని పాసివ్ వాక్యాలలో అధికభాగం ‘బై’ లేనివే. ‘యువర్ అప్లికేషన్ హ్యాజ్ బీన్ రిజెక్టెడ్’ అన్నప్పుడు తిరస్కరించిన అధికారి ఊసే ఉండదు.

ఈ అవసరం తెలుగువారికి కొత్తది కాదు. ‘మా వీధిలో రోడ్డు వేశారు’, ‘కరెంటు తీసేశారు’ అని కర్తను చెప్పకుండానే రోజూ మాట్లాడుకుంటాం. ‘రోడ్డు వేయబడింది’ అని ఇంట్లో ఎవరూ అనరు. పాఠం ఈ ‘వేశారు’ దగ్గర మొదలైతే, ‘ద రోడ్ వాజ్ లెయిడ్’ అనే వాక్యం ఏ సందర్భంలో పుడుతుందో పట్టికతో పనిలేకుండా తెలుస్తుంది. ‘ద యాక్సిడెంట్ వాజ్ హ్యాపెండ్’ అనే తరచు వినబడే తప్పుకు కూడా మందు ఇక్కడే ఉంది. ‘ఎవరో రోడ్డు వేశారు’ అనవచ్చు కానీ ‘ఎవరో ప్రమాదం జరిగారు’ అనలేము. ‘ఎవరో’ కుదరని క్రియకు పాసివ్ రాదని చెబితే పెద్దవారు వెంటనే గ్రహిస్తారు.

పాసివ్ సంభాషణలో చాలా అరుదు. పత్రికలలో, కార్యాలయాల రాతలో, శాస్త్రవ్యాసాలలో ఎంతో ఎక్కువ. కాబట్టి ముందు చదివి గుర్తుపట్టడం నేర్పాలి, సొంతంగా రాయించడం ఆ తరువాతి పని. నర్సుల నోట ‘అడ్మిట్’, ‘డిశ్చార్జ్’, ‘షిఫ్ట్’ ఎలాగూ ఉన్నాయి. ‘ద పేషెంట్ వాజ్ షిఫ్టెడ్’ వంటి వాక్యాలతో మొదలుపెట్టి, నిజంగా కష్టపెట్టే ‘గివెన్’, ‘టేకెన్’, ‘రిటెన్’ వంటి రూపాలకు ఎక్కువ సమయం ఇవ్వవచ్చు.

ఇంగ్లిషు ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడానికి 1958లో హైదరాబాద్‌లో ఏర్పడిన సంస్థే నేటి ఇఫ్లూ (ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ). ఆ విశ్వవిద్యాలయ నిపుణులు, రెండు తెలుగు రాష్ట్రాల సార్వత్రిక పాఠశాలల (ఓపెన్ స్కూళ్ల) అధికారులు కలిసి, తెలుగు వాడుక నుంచి ఇంగ్లిషు వ్యాకరణంలోకి నడిపించే వాచకాన్ని వయోజనుల కోసం ప్రత్యేకంగా రూపొందించాలని, అందులో ఫారాలు, నోటీసులు, బ్యాంకు సందేశాలనే పాఠాలుగా ఉంచాలని కోరుతున్నాను.

– ఒక ఇంగ్లిషు అధ్యాపకురాలు, గుంటూరు