పాత పిస్టల్ మీద ఆ మమకారం

సంపాదకులకు,

అమెరికా మాజీ సైనికులు ఎం1911 పిస్టల్‌ను మెచ్చుకునేటప్పుడు ముందుగా చెప్పేది దాని .45 తూటా (అంకె తూటా లావును అంగుళాల్లో చెబుతుంది) గురించే. ఫిలిప్పీన్స్ పోరాటాల్లో .38 రివాల్వర్ దెబ్బ చాలడం లేదని తేలాకే సైన్యం లావు తూటా కోరుకుంది. అయితే షూటర్ల మనసు గెలిచింది ట్రిగ్గరే అని నా అభిప్రాయం. చాలా పిస్టళ్లలో ట్రిగ్గర్ ఒక ఇరుసు మీద తిరుగుతుంది. ఇందులో తిన్నగా వెనక్కి జరుగుతుంది. తూటాను పేల్చే సుత్తి అప్పటికే వెనక్కి లాగి ఉంటుంది కాబట్టి వేలు కాస్త నొక్కితే చాలు, గురి చెదరదు. లక్ష్య పోటీల్లో దీన్ని ఇన్నేళ్లు వదలకపోవడానికి కారణం అదే.

జాన్ బ్రౌనింగ్ రూపొందించిన ఈ పిస్టల్ పరీక్షల్లో ఆరు వేల తూటాలు పేల్చినా ఒక్కసారీ మొరాయించలేదు. 1911 మార్చిలో సైన్యంలో చేరి, 1985లో ఇటలీ సంస్థ బెరెట్టా పిస్టల్ ఎంపికయ్యేదాకా ప్రధాన పిస్టల్‌గా నిలిచింది.

లోపాలు లేవని కాదు. కిలోకు పైగా బరువు, మ్యాగజైన్‌లో ఏడే తూటాలు. బెరెట్టాలో పదిహేను పడతాయి. పైగా సైన్యం ఇచ్చిన పాతవి కొన్ని చేత్తో ఊపితే గలగలమంటాయి! 'అద్భుతమైన గురి' అని పొగిడేవారు చాలాసార్లు తలచుకునేది నిపుణులు బిగించి, సరిచేసిన పోటీ పిస్టళ్లనే. ఈ రెంటికీ తేడా చెప్పకుండా పొగిడితే కొత్తగా కొనేవారు పొరబడతారు.

- ఒక పాఠకుడు