ఇంగ్లండ్ పల్లెలు చూడాలంటే పాత రైలు కట్ట ఎక్కండి

సంపాదకులు గారికి నమస్కారం,

మీ ఆదివారం అనుబంధంలో ఇంగ్లండ్ పల్లెటూళ్ల మీద వచ్చిన వ్యాసం చదివానండి. ఫొటోలు చాలా బాగున్నాయి, రాసినాయన ఊళ్లన్నీ ఓపిగ్గా తిరిగారని కూడా తెలుస్తోంది, కానీ చివర్లో కారు అద్దెకి తీసుకోకపోతే ఇవేవీ చూడలేం అన్నట్టు తేల్చేశారు చూడండి, అది నాకు మనసొప్పలేదు, అందుకే ఈ ఉత్తరం. నేను పదకొండేళ్లుగా బ్రిస్టల్‌లో ఉంటున్నా. కారు నాకూ ఉంది. ఇక్కడి పల్లె రోడ్లలో కారేసుకుని వెళ్తే కనపడేది ముందు వెళ్తున్న బండి, రెండు పక్కలా మనిషికన్నా ఎత్తు పెరిగిన పొదల కంచెలు, అంతే. కంచె అవతల గొర్రెలున్నాయో వాగుందో తెలీదు. అలాగని ఆ సన్న రోడ్ల మీద సైకిల్ తొక్కమని కూడా చెప్పట్లేదు, ఒక్క బండి పట్టే సందు లాంటి రోడ్డయినా సరే, వేరే బోర్డు లేకపోతే అక్కడ స్పీడ్ లిమిట్ గంటకి 60 మైళ్లు, మలుపులో ఎదురొస్తే కొత్తవాళ్లకి గుండె జారిపోతుంది.

నేను చెప్పేది పాత రైలు కట్టల గురించి.

1963లో బ్రిటిష్ రైల్వేస్ ఛైర్మన్ డాక్టర్ బీచింగ్ ఒక రిపోర్ట్ ఇచ్చారు, నష్టాల్లో నడుస్తున్నాయి కాబట్టి 5 వేల మైళ్ల లైన్లు, 2 వేలకు పైగా స్టేషన్లు మూసేయమని. చాలావరకు మూసేశారు. పట్టాలు పీకేశారు, కట్టలు మిగిలాయి, వంతెనలు మిగిలాయి, టన్నెళ్లు మిగిలాయి. మా బ్రిస్టల్లో 1977లో కొంతమంది కలిసి సైకిల్‌బ్యాగ్ అని ఒక గ్రూపు పెట్టుకుని, బాత్ అనే ఊరి దాకా వెళ్లే ఆ తుప్పలు పట్టిపోయిన కట్టని సైకిల్ దారి చేద్దామని పారలు పట్టుకుని దిగారు. 13 మైళ్లు. 1979లో మొదలుపెడితే 1986కి పూర్తయింది. ఆ గ్రూపే తర్వాత సస్ట్రాన్స్ అనే పెద్ద ఛారిటీ అయింది, 1995లో లాటరీ ఫండ్ నుంచి 4 కోట్ల పౌండ్లకు పైగా వచ్చాక దేశమంతా నేషనల్ సైకిల్ నెట్‌వర్క్ అని దారులు కలుపుకుంటూ పోయింది వాళ్లే. నేను రోజూ ఆఫీసుకి ఆ కట్ట మీదే వెళ్తా, ఇన్నేళ్లయినా ముక్కూ మొహం తెలీని మనుషులు సెలవు రోజుల్లో వచ్చి మట్టి మోసి వేసిన దారి ఇది అనే సంగతి గుర్తొస్తూనే ఉంటుంది, వాళ్లకి ఒకసారి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

రైలు కట్టలో అసలు సుఖం ఏంటంటే నిటారు ఎక్కుడు ఉండదు. ఆవిరి ఇంజిన్ నిటారు వాలు ఎక్కలేదు, అందుకని ఆ కాలం ఇంజినీర్లు గుట్ట అడ్డొస్తే తవ్వారు, పల్లం వస్తే కట్ట పోశారు, లోయ వస్తే వంతెన కట్టారు, కొండయితే లోపల్నుంచి దూసుకుపోయారు. వాళ్లు రైలు కోసం పడ్డ కష్టమంతా ఇప్పుడు మన మోకాళ్లకి పనికొస్తోంది. అందుకే ఇది కుర్రాళ్ల వ్యవహారం కాదండీ, పిల్లల్ని చూడటానికి వచ్చి మూడు నెలలు ఇంట్లో కిటికీ దగ్గర కూర్చునే అమ్మానాన్నలు ఉంటారే, వాళ్ల కోసమే ఎక్కువ చెప్తున్నా.

పోయిన జూన్‌లో మా అమ్మ వచ్చింది. 63 ఏళ్లు, హైస్కూలు రోజుల తర్వాత సైకిల్ ముట్టుకోలేదు. నా దగ్గర సెకండ్ హ్యాండ్ టాండెమ్ ఒకటుంది, అంటే ఒకరి వెనక ఒకరు కూర్చుని ఇద్దరూ తొక్కే సైకిల్. మొదటి రోజు మా వీధి చివరిదాకా వెళ్లి దిగిపోయింది, నాలుగో రోజుకి బ్రిస్టల్ బాత్ కట్ట మీద బిట్టన్ దాకా వెళ్లాం, అక్కడ పాత స్టేషన్లో ఇప్పటికీ ఆవిరి బండి కొంతదూరం సరదాగా నడుపుతారు, మేము టీ తాగుతుంటే అది పక్కనే కూత వేసింది, అమ్మ ముఖం చూడాలి.

రెండో వారం బాత్ దగ్గర టూ టన్నెల్స్ దారికి తీసుకెళ్లా. 1966లో మూసేసిన లైన్ అది, 2013లో సైకిళ్లకి తెరిచారు. మొదటి టన్నెల్ చిన్నదే, రెండోది కూమ్ డౌన్ టన్నెల్, మైలు దాటి ఉంటుంది, 1,672 మీటర్లు, సైకిళ్లకీ నడిచేవాళ్లకీ దేశంలో ఇంత పొడవైనది ఇంకోటి లేదు. బయట ఎండ మండుతుంటే లోపలికి వెళ్లగానే చన్నీళ్ల బావిలోకి దిగినట్టు చల్లగా ఒళ్లు జివ్వుమంది. గోడలకి పాత ఇంజిన్ల మసి ఇంకా అంటుకునే ఉంది, కింద చిన్న చిన్న లైట్లు వరసగా. మధ్యకి వచ్చేసరికి మనం కదులుతుంటే గోడల్లోంచి సంగీతం వినిపిస్తుంది, అలా ఏర్పాటు చేశారు. వెనక సీట్లో అమ్మ తొక్కడం ఆపేసింది, నాకు పెడల్ బరువెక్కింది, ఏమైందమ్మా అంటే ఏం లేదు వింటున్నా అంది. అవతల వైపు తేలాక ఒక్కసారిగా వెలుగు, పచ్చటి లోయ, వంతెన. అక్కణ్ణుంచి కొంచెం పల్లె రోడ్డు పట్టుకుని కాలవ గట్టుకి చేరి, కెనెట్ అండ్ ఏవన్ కాలవ వెంబడే మళ్లీ బాత్‌కి వచ్చేశాం, చుట్టూ తిరిగి 13 మైళ్లే. కాలవలో సన్నటి పొడుగు పడవలు, వాటి పైకప్పుల మీద కట్టెల మోపులు, పూలకుండీలు, ఒక పడవ మీద పిల్లి. కారులో వెళ్తే ఈ పిల్లి కనపడేదా?

అయితే ట్రాఫిక్ లేని దారి అని మ్యాప్‌లో ఉంది కదా అని కళ్లు మూసుకుని వెళ్లొద్దు, ఇది కూడా రాయాలి. జూలైలో ఇంకో దారిలో (పేరు వద్దులెండి) మోటార్ సైకిళ్లు రాకుండా ఇనుప అడ్డం పెట్టారు, పైకి పోనుపోను దగ్గరయ్యే రెండు కడ్డీలు, మామూలు సైకిలే హ్యాండిల్ వంచి దూర్చాలి. మా టాండెమ్ ఎంతకీ పట్టలేదు, వెనక కేరియర్‌కి ఉన్న పానియర్ బ్యాగులు రెండూ ఊడదీసి, దారిన పోయే ఒకాయన సాయం పడితే ఎత్తి అవతల పెట్టాం. మాది పర్లేదు. మా వెనకే చేతులతో తొక్కే మూడు చక్రాల సైకిల్ మీద ఒకావిడ వచ్చింది, నడవలేని మనిషి, దాన్ని ఎత్తే పని కాదు, కాసేపు చూసి వెనక్కి తిప్పుకుని వెళ్లిపోయింది. నాకు ఆ రోజంతా మనసు మనసులో లేదు. అక్కడి అధికారులకి ఉత్తరం రాశా, అందినట్టు ఒక జవాబు వచ్చింది, అడ్డం మాత్రం అలాగే ఉంది. 2018లో సస్ట్రాన్స్ వాళ్లే లెక్కేస్తే మొత్తం నెట్‌వర్క్ మీద ఇలాంటి అడ్డాలు 16 వేలకు పైగా తేలాయి, కొన్ని తీస్తున్నారు, చాలా ఉన్నాయి. అలాగే నెట్‌వర్క్ బోర్డు ఉన్న ప్రతిదీ కార్లు లేని దారి కాదు, నీలం బోర్డు మీద ఎర్ర డబ్బాలో నంబరు ఉంటుంది, ఆ నంబరు పట్టుకుని వెళ్తే మధ్యలో రోడ్డు మీదకి కూడా తేలుస్తుంది, రోడ్లు మరీ రద్దీ అయిపోయాయని 2020లో నెట్‌వర్క్‌లో నాలుగో వంతు దాకా పక్కన పెట్టారు కూడా.

ఇంకో విషయం, పొలాల్లోంచి వెళ్లే ఫుట్‌పాత్ కనపడగానే సైకిల్ దించకండి, పసుపు బాణం ఉంటే అది నడిచేవాళ్లకి మాత్రమే. నీలం బాణం ఉంటే బ్రైడిల్‌వే, గుర్రాల దారి, 1968 చట్టం వచ్చాక అందులో సైకిల్ వెళ్లొచ్చు, కానీ నడిచేవాళ్లకీ గుర్రాలకీ మనమే దారివ్వాలి. గుర్రం కనపడితే దూరం నుంచే స్లో చేసి హలో అని ఒక మాట అనండి, చప్పుడు లేకుండా వెనకనుంచి వెళ్తే అది బెదురుతుంది. సైకిల్ ఖరీదైనది అక్కర్లేదు, టైరు కొంచెం లావుగా ఉండాలి, మడ్‌గార్డులు తప్పనిసరి, వాన పడ్డ మర్నాడు కాలవ గట్లు బురద బురదగా ఉంటాయి. టన్నెల్ ఉంటే లైటు.

బ్రిస్టల్ వైపు రాలేని వాళ్లకి డెర్బీషైర్‌లో మాన్సల్ ట్రైల్ ఉంది, ఎనిమిదిన్నర మైళ్లు, చాలాకాలం మూసి ఉన్న టన్నెళ్లు 2011లో తెరిచాక దాని అందమే మారిపోయింది, అందులో హెడ్‌స్టోన్ వంతెన మీద ఆగి కింద నదిని చూడకుండా ఎవరూ పోరు. బాగా అలవాటయ్యాక సీ టు సీ ఉంది, పశ్చిమ సముద్రం నుంచి తూర్పు సముద్రానికి 140 మైళ్లు, బయల్దేరేటప్పుడు వెనక చక్రం ఆ సముద్రంలో, చేరాక ముందు చక్రం ఈ సముద్రంలో తడపడం ఆచారం. అందులో ఎక్కుడు బాగా ఉంది, మొదటిసారికి మాత్రం వద్దు.

అమ్మ మళ్లీ మేలో వస్తానంది, ఈసారి కార్న్‌వాల్‌లో క్యామెల్ ట్రైల్, వేడ్‌బ్రిడ్జ్ నుంచి పాడ్‌స్టో దాకా నది పక్కనే ఐదున్నర మైళ్లు. అక్కడ ఇనుప అడ్డాలు ఎలా ఉన్నాయో ముందే వెళ్లి టేపు పెట్టి కొలిచి వస్తా. ఈలోపు మీరు ఇంగ్లండ్ మీద ఇంకో వ్యాసం వేస్తే కారు పక్కన సైకిల్‌కి కూడా ఒక పేరా ఇప్పించండి.

ఇట్లు,
బ్రిస్టల్ నుంచి మీ పాఠకుడు