సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి నివేదిక, 2025

అధ్యక్షురాలికి, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

2025 జనవరి నుంచి డిసెంబరు దాకా, సినిమాల్లో, సీరియళ్ళలో పనిచేసే ఆడవాళ్ళ మన సంఘం చేసిన పనుల వివరం ఇది. నిరుడు ఇదే సమావేశానికి కోరం చాలక అరగంట వాయిదా వేసి, ఉన్నవాళ్ళతోనే కానిచ్చేశాం. ఈసారి షూటింగులకు సెలవుండే రెండో ఆదివారం చూసి పెట్టాం. ఈ కాగితం రాసేనాటికి వస్తామని ఒప్పుకున్నవాళ్ళు ముప్ఫై ఒక్కరు. మిగతావాళ్ళ ఫోన్లు మోగుతూనే ఉన్నాయి.

ముందుగా నివాళి. ఫిబ్రవరి 16న కృష్ణవేణి గారు, జులై 14న బి. సరోజాదేవి గారు, అక్టోబరు 15న రావు బాలసరస్వతీదేవి గారు మనల్ని వదిలి వెళ్ళారు. కృష్ణవేణి గారు నటి, గాయని, నిర్మాత. 1949లో 'మన దేశం' తీసి ఎన్టీఆర్‌ని తెరకెక్కించింది ఆమె. పత్రికలన్నీ ఆ వార్తను ఎన్టీఆర్ పేరుతో మొదలుపెట్టాయి. మన సంతాప తీర్మానం ఆమె పేరుతోనే మొదలైంది. తీర్మానం ప్రతి మినిట్స్ పుస్తకంలో అంటించి ఉంది.

వేతనాల పెంపు కోసం సినీ కార్మికుల సమ్మెతో ఆగస్టు 4 నుంచి 21 దాకా షూటింగులు ఆగిపోయిన సంగతి ఎవరికీ గుర్తుచేయక్కర్లేదు. రోజుకు 2 వేల లోపు వేతనమున్నవారికి మొదటి ఏడాది 15, రెండో ఏడాది 2.5, మూడో ఏడాది 5 శాతం పెంచడానికి ఒప్పందం కుదిరింది. యూనియన్ కార్డున్నవాళ్ళకు ఇది మంచి కబురే. మన సభ్యుల్లో కార్డు లేకుండా కోఆర్డినేటర్ చేతి మీద పనిచేసేవాళ్ళు చాలామంది. వాళ్ళకు పెరిగేది ఏమీ లేదు, అడగడానికి కాగితమూ లేదు. ఈ కాగితం సంగతి కిందే మళ్ళీ వస్తుంది.

డబ్బింగ్ తరగతులు

ఈ ఏడాది మనం చేసిన అసలు పని ఇదే. మార్చి నుంచి వారానికో పూట చొప్పున పది పూటలు. పేర్లిచ్చినవారు ఇరవై ఇద్దరు. మొదటి రోజు వచ్చినవారు తొమ్మిది మంది. చివరిదాకా నిలిచినవారు ఆరుగురు. ఆ ఆరుగురిలో నలుగురికి ఇప్పుడు అనువాద సీరియళ్ళలో పని దొరుకుతోంది. 'మాకెవరూ చెప్పలేదు' అన్న మాట మళ్ళీ రాకుండా నేర్పినదాంట్లో ముఖ్యమైనవి ఇక్కడే రాస్తున్నాను.

మైకుకూ నోటికీ మధ్య జానెడు దూరం ఉండాలి. ఎక్కడ నిలబడ్డామో నేల మీద టేపు అంటించి గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే రేపొచ్చి అరడుగు వెనక్కి నిలబడితే అదే పాత్ర వేరే గదిలోంచి మాట్లాడుతున్నట్టు వినిపిస్తుంది. అరిచే డైలాగుకు గొంతు తగ్గించకూడదు. అరడుగు వెనక్కి జరిగి ముఖం కాస్త పక్కకు తిప్పితే చాలు. గుసగుసకు దగ్గరికి రావాలి గానీ నోరు నేరుగా మైకు మీదికి ఉండకూడదు. ప, ఫ, భ పలికినప్పుడు గాలి మైకుకు తగిలి 'డబ్' మంటుంది. పాప్ ఫిల్టర్‌ను మైకుకు అంటించినట్టు పెడితే ఉపయోగం లేదు, నాలుగు వేళ్ళ ఎడం కావాలి.

స్క్రిప్టు చేతికి రాగానే చదివెయ్యకండి. ముందు సీను పైలట్ ట్రాక్‌తో (షూటింగులో రికార్డయిన అసలు మాటలతో) ఒకసారి, శబ్దం తీసేసి ఒకసారి చూడాలి. రెండోసారి చూసేటప్పుడు పెదాలు మూసుకునే చోటల్లా పెన్సిలుతో సున్నా చుట్టాలి. అక్కడ ప, బ, మ అక్షరాలే పడాలి. మిగతా చోట్ల కాస్త అటూ ఇటూ అయినా చెల్లుతుంది గానీ మూసిన పెదాల మీద 'క' పడితే బొమ్మ అబద్ధమాడినట్టు ఉంటుంది. హిందీ సీరియల్లో పాత్ర క్లోజప్‌లో 'నహీ' అని ఆగితే పెదాలు పక్కలకు సాగి ఉంటాయి. దాని మీద 'లేదు' అంటే మన ఉకారానికి పెదాలు ముడుచుకోవాలి, అతకదు. భర్తతో మాట్లాడే సీనైతే 'లేదండీ', చెల్లెలితో అయితే 'ఏం లేదే' అంటే చక్కగా కూర్చుంటుంది. 'మా' అన్న పిలుపు ఇంకో చిక్కు. వాళ్ళది నోరు మూసి మొదలవుతుంది, మన 'అమ్మా' నోరు తెరిచి మొదలవుతుంది. ముందున్న 'అ'ను ఊపిరితో కలిపి తేలిగ్గా వదిలేసి, పెదాలు కలిసే చోట 'మ్మా' పడేట్టు చూసుకోవాలి. టీవీ బొమ్మకు సెకనుకు 25 ఫ్రేములు. రెండు మూడు ఫ్రేములు తేడా వచ్చినా చూసేవాళ్ళకు ఎందుకో తెలియదు గానీ ఎబ్బెట్టుగా ఉంటుంది.

ఏడుపులు, కేకలు, దగ్గులు అన్నీ చివర్న చెప్పుకోవాలి. వాటిని ముందే చేస్తే గొంతు బొంగురుపోయి మామూలు మాటలు ఇంకొకరివిలా వస్తాయి. ఇంచార్జి తొందరపెట్టినా ఈ విషయంలో మొహమాటపడకండి. పొద్దున గొంతు మందంగా, కాస్త కింద స్థాయిలో ఉంటుంది. కాబట్టి రోజూ పని మొదలుపెట్టే ముందు నిన్న చెప్పిన రెండు డైలాగులు పెట్టించుకుని వినాలి. గొంతు సకిలించుకోవడం మానేసి ఒక గుక్క నీళ్ళు మింగాలి, చల్లనివి కాదు. నాలుక తడారి 'టిక్ టిక్' మని చప్పుడొస్తుంటే పుల్లటి ఆకుపచ్చ యాపిల్ ముక్క నములుతారు. బొంగురు మూడు వారాలు దాటితే మిరియాల కషాయంతో కాలక్షేపం చేయకుండా చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించుకోవాలి.

మట్టి గాజులు, మువ్వల పట్టీలు, గరగరలాడే పట్టుచీర, స్టేపిల్ చేసిన కాగితాలు, ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టని ఫోను: రెండో రోజు టేకులన్నీ పాడైంది వీటి వల్లే. నూలు చీరో చుడీదారో కట్టుకు రమ్మని ముందే చెప్పాం. చెప్పిన తర్వాత కూడా ఒకరు పెళ్ళి నుంచి నేరుగా వచ్చారు.

సరిత, రోజారమణి, సునీత, చిన్మయి లాంటివాళ్ళు కథానాయికలకు గొంతిచ్చారని ప్రేక్షకులకు తెలుసు. సీరియళ్ళకు రోజుకు పదేసి పాత్రల గొంతులిచ్చే ఆడవాళ్ళ పేర్లు టైటిల్స్‌లో చదివేలోపే పరుగెత్తిపోతాయి, లేదా అసలు ఉండవు. పేరు వేస్తామని మాటిచ్చి వెయ్యని ఒక సీరియల్ గురించి రెండు ఉత్తరాలు రాశాం. జవాబు లేదు.

కాగితాలు, ఫిర్యాదులు

ఒప్పంద పత్రం లేకుండా పనికి వెళ్ళొద్దని సంఘం ప్రతి ఏటా చెబుతోంది. కుదరనప్పుడు కనీసం కాల్‌షీటు ఫొటో, లొకేషన్ పేరు, వచ్చిన బండి నంబరు, డబ్బు పంపినవారి యూపీఐ పేరు దాచుకోండి. డబ్బు ఎగ్గొట్టినప్పుడూ, అంతకన్నా పెద్ద కష్టం వచ్చినప్పుడూ 'ఈమె మా దగ్గర పనే చెయ్యలేదు' అన్నదే వాళ్ళ మొదటి మాట.

పనిచేసే చోట స్త్రీలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం (2013) మీద జూన్‌లో న్యాయవాది గారు చెప్పినవి క్లుప్తంగా ఇవి. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. సభ్యుల్లో సగానికి తగ్గకుండా స్త్రీలుండాలి, బయటి సభ్యులొకరు తప్పనిసరి. అవుట్‌డోరు, బస చేసిన హోటలు, ప్రొడక్షన్ వాళ్ళు పంపిన బండి, ఇవన్నీ పనిచేసే చోటు కిందికే వస్తాయి. సంఘటన జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. కారణం చూపితే ఇంకో మూడు నెలలు పొడిగించే వీలుంది. ఫిర్యాదు, దాని తాలూకు కాగితాలు ఆరు ప్రతులు కావాలి. విచారణ 90 రోజుల్లో ముగియాలి, ఆ తర్వాత 10 రోజుల్లో నివేదిక, అది అందిన 60 రోజుల్లో చర్య. పదిమంది కన్నా తక్కువున్న చోటైనా, ఫిర్యాదు యజమాని మీదే అయినా జిల్లా స్థానిక కమిటీకి వెళ్ళాలి.

మన దగ్గరికి వచ్చినవాటిలో ఎక్కువ శాతం చెడిపోయేది తేదీల దగ్గరే. షెడ్యూలు అయ్యేదాకా ఓపిక పడదామనుకుంటారు, షెడ్యూలు నాలుగు నెలలు సాగుతుంది. ఇంకో పొరపాటు వాట్సాప్ వాయిస్ మెసేజిని ఫిర్యాదు అనుకోవడం. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ, ఎవరు చూశారు అన్న నాలుగింటినీ ఆ రాత్రే కాగితం మీద పెట్టి తేదీ వేసుకోండి. ఫిర్యాదు ఇవ్వాలో లేదో తర్వాత ఆలోచించుకోవచ్చు.

ఒక కార్యాలయం చుట్టూ ఈ ఏడాది నాలుగుసార్లు తిరిగాం. మొదటిసారి సారు లేరు, రెండోసారి సెక్షను మారింది, మూడోసారి సారు ఉన్నారు గానీ ఫైలు లేదు. నాలుగోసారి మాతో వస్తానన్న ముగ్గురు సభ్యులు రాలేదు. మలయాళ సినీరంగంలో ఆడవాళ్ళ కష్టాల మీద కేరళలో హేమ కమిటీ 2019 డిసెంబరులో ఇచ్చిన నివేదిక బయటికి రావడానికి 2024 ఆగస్టు పట్టింది. తెలంగాణలో ఇలాంటి విషయం మీదే వేసిన ఉపసంఘం 2022లోనే నివేదిక ఇచ్చింది. దాన్ని ప్రచురించాలన్న మన తీర్మానం ఈసారి కూడా ఎజెండాలో ఉంది.

మేకప్ చేసే సభ్యులకు ఒక మాట. 2014 నవంబరు 10న చారు ఖురానా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పేదాకా ముంబయిలో ఆడవాళ్ళకు హెయిర్ డ్రెస్సర్ కార్డే దక్కేది, మేకప్ ఆర్టిస్టు కార్డు మగవాళ్ళదే. ఆ తీర్పు ప్రతి మన ఆఫీసులో ఉంది. 'ఆడవాళ్ళకు ఇవ్వం' అని ఎవరైనా నోటిమాటగా అంటే అదే మాట రాసివ్వమని అడగండి.

భానుమతి గారి శతజయంతి

సెప్టెంబరు 7న జరిపిన సభ గురించి ఎంత రాసినా తక్కువే. ముందురోజు గణేశ్ నిమజ్జనం. బోర్డులు తెచ్చే ఆటో ట్యాంక్‌బండ్ దరిదాపుల్లోకి రాలేక ఊరంతా చుట్టి వచ్చింది. ఆ రాత్రే చంద్రగ్రహణం. పెద్దవాళ్ళు ఒంటిగంట దాటితే ముద్ద ముట్టమన్నారు. వంటవాళ్ళను బతిమాలి పన్నెండింటికల్లా వడ్డన మొదలుపెట్టించాం. అయినా హాలు నిండింది.

రెండడుగులకు మూడడుగుల సన్‌బోర్డులు పన్నెండు పెట్టాం. దొడ్డవరంలో పుట్టుక, 1939లో 'వరవిక్రయం'లో కాళింది, 1945లో 'స్వర్గసీమ', 1951లో 'మల్లీశ్వరి', భర్త రామకృష్ణారావు గారితో కలిసి నడిపిన భరణి సంస్థ, 1953లో మూడు భాషల్లో తానే డైరెక్ట్ చేసిన 'చండీరాణి', ఆమె రాసిన అత్తగారి కథలు, 1966లో పద్మశ్రీ, 2001లో పద్మభూషణ్. చివరి మూడు బోర్డులు తోటివాళ్ళవి: నటి, నిర్మాత దాసరి కోటిరత్నం గారు, 1968లో 'చిన్నారి పాపలు'కు సావిత్రి గారు పోగుచేసిన ఆడవాళ్ళ బృందం (సంగీతం పి. లీల, నృత్యం రాజసులోచన), 44 సినిమాలు డైరెక్ట్ చేసి గిన్నిస్‌కెక్కిన విజయనిర్మల గారు. రెండు వైపులా అంటుకునే టేపు ఉక్కకు పట్టు వదిలి రెండు బోర్డులు తెల్లారేసరికి నేల మీదున్నాయి. వచ్చేసారి మూలలకు కన్నాలు పెట్టి నైలాన్ తాడుతో కట్టాలి.

సినిమా వెయ్యమని చాలామంది అడిగారు. హక్కుదారుల అనుమతి లేకుండా బహిరంగంగా వెయ్యకూడదు, అడగడానికి వ్యవధి లేకపోయింది. పాటలు మాత్రం సభ్యులే పాడారు. ట్రాకులు ఆమె శ్రుతిలో ఉండి చాలామందికి అందలేదు. రెండో పాటకే ట్రాకు ఆపి హార్మోనియం తెప్పించాం, అప్పుడు కుదిరింది.

అందరూ లేచి నిలబడి చూసింది మన సీనియర్ హెయిర్ డ్రెస్సర్ గారు సవరం పెట్టి చూపించిన ఇరవై నిమిషాలు. నడినెత్తికి కాస్త వెనక జుట్టు పాయ తీసి, చిటికెనవేలంత సన్నజడ బిగించి అల్లి, దాన్ని చుట్టచుట్టి రెండు స్లైడులు అడ్డంగా ఒకదానిమీదొకటి గుచ్చారు. సవరం తాడు ఆ చుట్టకే కట్టాలి. వదులు జుట్టుకు కడితే జడబిళ్ళల బరువుకు జారుతుంది, జారకుండా ఇంకా బిగిస్తే నుదుటి దగ్గర జుట్టు కుదుళ్ళతో ఊడి వస్తుంది. పౌరాణిక సీరియళ్ళలో ఏళ్ళ తరబడి చేసిన నటీమణుల నుదురు ఎందుకు పైకి పోతుందో ఆమె వేలు పెట్టి చూపించారు. పన్నెండు గంటల కాల్‌షీటులో భోజన విరామానికి ఒకసారి సవరం విప్పి పెట్టడం హెయిర్ డ్రెస్సర్ హక్కుగా అడగాలని అక్కడికక్కడే తీర్మానం చేశాం.

ధన్యవాదాలు, లెక్కలు

హాలు సగం అద్దెకే ఇచ్చిన యాజమాన్యానికి, తరగతులకు స్టూడియో పొద్దుటి పూట ఉచితంగా ఇచ్చిన సౌండ్ ఇంజనీరు గారికి, రుసుము తీసుకోని న్యాయవాది గారికి, ఫొటోలు తీసిన అబ్బాయిలకు, పన్నెండింటికే వడ్డించిన వంటవారికి, బోర్డులు మోసిన లైట్‌మెన్ తమ్ముళ్ళకు, టీలు పంపిన కృష్ణానగర్ హోటలు వారికి, ఉపాధ్యక్షురాలికి, సహాయ కార్యదర్శికి, ఓపిక పట్టిన మా ఇళ్ళవాళ్ళకు సంఘం తరఫున కృతజ్ఞతలు. పేరు తప్పిపోయినవారు మన్నించాలి. శతజయంతి పనులకు పేర్లిచ్చి ముందురోజు ఫోన్లు ఆపేసిన ఎనిమిది మంది పేర్లు కూడా కావాలనే రాయలేదు.

లెక్కలు చివరి పేజీలో ఉన్నాయి, ఆడిటరు గారు సంతకం చేశారు. శతజయంతికి విరాళాల కన్నా ఖర్చు ₹6,400 ఎక్కువైంది, అది కార్యవర్గం సర్దింది. చందా బకాయిలు చాలా ఉన్నాయి. కోశాధికారి గారు తలుపు దగ్గరే రసీదు పుస్తకంతో కూర్చుంటారు.

డబ్బింగ్ తరగతుల రెండో విడత మార్చిలో మొదలవుతుంది. ఈసారి పేరిచ్చేటప్పుడే ₹500 కట్టాలి, పది పూటలూ వచ్చినవారికి తిరిగిచ్చేస్తాం. ఫిర్యాదుల నమూనా పత్రం తెలుగులో అచ్చువేయించాం, తలా రెండు తీసుకెళ్ళండి. మినిట్స్ పుస్తకాలున్న బీరువాకు రెండు తాళంచెవులు ఉండేవి. శతజయంతి నాటి నుంచి ఒకటి కనిపించడం లేదు. ఎవరి సంచిలో ఉన్నా సమావేశం ముగిసేలోపు నాకు ఇవ్వగలరు.

కార్యదర్శి
హైదరాబాద్