బుజ్జమ్మ వడియాలు వేరే డబ్బాలో పెట్టు

గుంటూరు

నాన్నా,

కోడలికి డ్యూటీ పడిన ఆదివారాలు బుజ్జమ్మ నీ దగ్గరే ఉంటుంది, ఫోన్ చేతికివ్వకుండా దానితో ఏం చేయించనమ్మా అని అడిగావు కదా. వడియాలు పెట్టించు. గుమ్మడి వడియాలు కాదు. వాటికి బూడిదగుమ్మడికాయ తరగాలి, ఉప్పేసి బరువుపెట్టి రాత్రంతా నీరు దిగనివ్వాలి, మినప్పప్పు రుబ్బాలి. నాలుగేళ్ల పిల్ల చేసే పని అందులో లేదు. బియ్యప్పిండివీ వద్దు. గరిట ఒక్క నిమిషం ఆపితే ఉండ కడుతుంది, నీ చూపేమో పిల్ల మీద ఉండాలి. సగ్గుబియ్యానివి పెట్టు. కాస్త అటూ ఇటూ అయినా అవి ఓర్చుకుంటాయి.

శనివారం రాత్రి ఒక గ్లాసు సగ్గుబియ్యం ఒక్కసారే, పైపైన కడుగు. గట్టిగా రుద్దితే పిండంతా నీళ్లలో పోతుంది. రెండు గ్లాసుల నీళ్లు పోసి మూతపెట్టు. కొలిచే పని బుజ్జమ్మది. గ్లాసు దాని చేతికే ఇచ్చి లెక్కపెట్టించు. మొత్తం ఆరు గ్లాసులు, రెండు రాత్రికి, నాలుగు పొద్దుటికి. ఒలికినా ఫర్వాలేదు, కింద పళ్లెం పెట్టుకో. తెల్లారి ఒక గింజ దాని వేళ్ల మధ్య పెట్టి నొక్కమను. మెత్తగా నలిగిపోతే నానినట్టు. మధ్యలో తెల్ల పలుకు తగిలితే ఇంకో గంట ఆగు.

ఆ నాలుగు గ్లాసుల నీళ్లు మరిగాక నానినవి నీళ్లతో సహా వేసి, మంట తగ్గించి, గిన్నె అడుగు తగిలేలా కలుపుతూ ఉండు. సగ్గుబియ్యం అడుగుకు దిగి పట్టేస్తుంది. పైపైన తిప్పితే మాడు వాసన వచ్చేదాకా తెలియదు, వచ్చాక ఏం చేసినా పోదు. ఈ పదిహేను ఇరవై నిమిషాలు పిల్ల వంటింట్లో ఉండకూడదు. ఉడికే గంజి చిందితే చర్మానికి అతుక్కుంటుంది, నీళ్లలా జారిపోదు. ఆ టైములో బాల్కనీలో కరివేపాకు రెబ్బలు దూయమను. శనగలు, పల్లీలు మాత్రం ఏరమని ఇవ్వకు. ఈ వయసు పిల్లలు ముక్కులో దూర్చుకుంటారు, తడికి శనగ ఉబ్బి ఇరుక్కుంటుంది.

గింజలు అద్దంలా అయ్యి, అక్కడక్కడా తెల్ల చుక్క మిగిలిందంటే దించెయ్యొచ్చు. అనుమానముంటే ఒక చెంచా పళ్లెంలో వేసి చూడు. తనంతట తాను బిస్కెట్టంత వెడల్పు పరుచుకుని ఆగిపోవాలి. పారిపోతే ఇంకో ఐదు నిమిషాలు ఉడికించు. కుప్పగా నిలబడితే అరగ్లాసు వేణ్ణీళ్లు కలుపు, చన్నీళ్లు పోస్తే గడ్డలవుతుంది.

ఉప్పు దగ్గరే అందరూ తప్పుతారు. జావ నోట్లో వేసుకుంటే చప్పగా ఉండాలి. నీళ్లు ఎండకు పోతాయి, ఉప్పు పోదు. ఇప్పుడు సరిపోయిందంటే వేయించాక నోట పెట్టలేవు. గ్లాసు సగ్గుబియ్యానికి తలకొట్టిన చిన్న చెంచాడు చాలు. ఒక చెంచా జీలకర్ర వెయ్యి. పచ్చిమిరపకాయలు మామూలుగా నాలుగైదు నూరతాం, బుజ్జమ్మకని రెండు చాలు. మిర్చి పట్టిన చేతికి ముందు నూనె రాసి తుడిచి, ఆ తర్వాత సబ్బుతో కడుగు. కారం ఘాటు నూనెకు కరుగుతుంది కానీ నీళ్లకు కరగదు. ఉత్త నీళ్లతో కడిగి పిల్ల మొహం తుడిచావంటే ఇక ఆ పూటంతా ఏడుపే.

ఏడింటికల్లా డాబా మీద ఉండాలి. మీ విజయవాడలో రోహిణి కార్తె రాకముందే రోళ్లు పగిలేటట్టుంటుంది, ఎనిమిదిన్నర దాటితే పిల్ల కాళ్లు కాలతాయి. చెప్పులూ టోపీ వేసి తీసుకెళ్లు. మందపాటి ప్లాస్టిక్ షీటు పరిచి నాలుగు మూలలా రాళ్లు పెట్టండి. రాళ్లు ఏరి తెచ్చేది అదే. మధ్యాహ్నం వడగాలి లేస్తే బరువు లేని షీటు వడియాలతో సహా మడత పడుతుంది. జావ వేలు పెట్టగలిగేంత చల్లారాక దానికి ఒక చిన్న గిన్నె, చిన్న చెంచా ఇవ్వు. నీది పెద్ద చెంచా. వడియానికీ వడియానికీ రెండు వేళ్ల సందు వదలాలి, ఒకదాన్నొకటి తాకితే తీసేటప్పుడు రెండూ విరుగుతాయి.

దాని వడియాలు గుండ్రంగా రావు. ఒకటి రూపాయి బిళ్లంత, ఒకటి అట్టంత. నువ్వు వెళ్లి సరిదిద్దకు. అది చూస్తుండగా సరిదిద్దావంటే రెండో వరుసకు చెంచా కింద పడేసి పోతుంది. షీటులో ఒక పక్క దానికి వదిలెయ్యి, ఎండాక కూడా వాటిని వేరే డబ్బాలోనే పెట్టు. ముద్దు కోసమే కాదు చెప్పేది. దళసరివి ఎండడానికి ఒక రోజు ఎక్కువ పడుతుంది, నూనెలోనూ నిదానంగా పొంగుతాయి. నీవాటిలో కలిపేస్తే పల్చనివి ఎర్రబడే వేళకు అవి లోపల రాయిలాగే ఉంటాయి.

గిన్నెకు అంటిన వెచ్చటి జావ గీకి దాని చేతిలో పెట్టు. సాయంత్రం పైన ఎండి కింద తడిగా ఉన్న వడియం ఒకటి తీసివ్వు. సాగుతూ, నములుతుంటే జీలకర్ర తగులుతూ ఉంటుంది. నన్నడిగితే వేయించిన వడియం కన్నా అదే రుచి. రెండు మూడు చాలు, లేకపోతే ఎండబెట్టడానికి ఏమీ మిగలదు.

రాత్రి షీటు లోపలికి తెచ్చెయ్యి. రెండో రోజుకు అంచులు వాటంతటవే లేస్తాయి, తిరగెయ్యి. మూడో రోజో నాలుగో రోజో ఒకటి విరిచి చూడు. టక్కున విరగాలి. వంగిందంటే లోపల తడి ఉన్నట్టే, డబ్బాలో పెడితే బూజు పడుతుంది. వేయించేటప్పుడు ముందు చిన్న ముక్క వెయ్యి. వేసీ వెయ్యగానే పైకి తేలి విచ్చుకుంటే నూనె సరిగ్గా కాగినట్టు. అడుగునే ఉండిపోతే నూనె తాగుతుంది.

కాకుల కాపలా అంటే పిల్లలకు సరదాయే కానీ ఎండలో కూర్చోబెట్టకు. షీటు పక్కన ఒక కర్రకు నల్లగుడ్డ కట్టేసి కిందకు దిగిపోండి. మజ్జిగ ఇవ్వు, గ్లాసు పెరుగుకు మూడు గ్లాసుల నీళ్లు, చిటికెడు ఉప్పు. మధ్యాహ్నం స్నానం చేయిస్తే మటుకు కొళాయి తిప్పి నేరుగా పోసెయ్యకు. డాబా మీది నల్ల ట్యాంకులో నీళ్లు రెండింటికల్లా సలసలమంటాయి. పొద్దున్నే ఒక బకెట్ పట్టి నీడలో పెట్టుకో.

సాయంత్రం ఎండ తగ్గాక ముంజలు తెచ్చుకోండి. ఒలిచినవి డజను లెక్కన కాదు, రెండు కాయలు అడుగు, ఒకే సైజువి. కొట్టించాక కన్ను లేతగా, వేలితో నొక్కితే లోపల నీళ్లు కదలాలి. ముదిరినవి పిల్లలకు కడుపునొప్పి తెస్తాయి. పాత గౌను వెయ్యి, ఆ నీళ్ల మరక ఉతికినా పోదు. తిన్నాక ఆ రెండు కాయలూ పారేయకుండా బండి చెయ్యి. జానెడున్నర పుల్ల రెండు చివరలా చెక్కి, కళ్లకు మధ్య పీచు ఉండే చోట చెరో కాయకూ గుచ్చు. పుల్ల నడుమ పంగలకర్ర ఆనించి తోస్తే పరుగెత్తుతుంది. కర్ర దాని ఛాతీ ఎత్తుకు రావాలి, పొట్టిదైతే వంగి తోసి బోర్లా పడుతుంది. కాయలు చిన్నా పెద్దా అయితే బండి చిన్నకాయ వైపే గుండ్రంగా తిరుగుతుంది. మూడు నాలుగు రోజులకు కాయ ఎండి ముడుచుకుంటుంది, ఇరుసు వదులవుతుంది. ఓ చీలిక పుల్ల బిగిస్తే ఇంకో రెండు రోజులు నడుస్తుంది. బిగించేటప్పుడు కత్తి నీ దగ్గరే ఉండాలి, సుత్తి దానికివ్వు.

షీటు దొరక్కపోతే చెప్పు. ఉతికిన పాత నేత పంచె ఒకటి మడతపెట్టి ఉంచాను, ఇటునుంచి వచ్చేవాళ్లతో పంపిస్తాను. పంచె మీదైతే తడిపి పిండి పరవాలి. ఎండాక వడియాలు లాగి తీయకు, విరుగుతాయి. పంచె తిరగేసి వెనకవైపు నీళ్లు చల్లి ఐదు నిమిషాలు ఆగితే ఊడి వస్తాయి, మళ్లీ ఒక పూట పళ్లెంలో ఎండబెట్టాలి. నీళ్లు చల్లే పని బుజ్జమ్మకివ్వు.

అమ్మ